ఉత్తరపు గోడ

"చర్చి తాళంచెవి అడిగితే ఇంటర్వ్యూ చేస్తారేంటండీ?"

వానలో గొడుగు లేకుండా నిలబడి సొలెన్ అడిగింది. గుమ్మంలో ఉన్న కుర్రాడు మాత్రం తొణకలేదు. చేతిలో సగం తిన్న రొట్టె, జుట్టు నిండా తెల్లటి దుమ్ము.

"చేయకపోతే ఎలాగండీ? పోయినేడు ఒకాయన ఫొటోలు తీసుకుంటానని తాళంచెవి పట్టుకెళ్ళి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా లోపల బెంచీ మీద నిద్రపోయాడు. మీరు నిద్రకా, పనికా?"

"పనికే. పాత కట్టడాల ఆర్కిటెక్ట్‌ని. మూలాన్ నుంచి వచ్చాను. మీ మేయరమ్మే పిలిపించింది. ఇదిగో ఆవిడ కాగితం."

కాగితం అప్పటికే తడిసి ముద్దయింది. అతను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"సొలెన్ వెర్నే. ఈ పేరు తప్ప మిగతాదంతా కారిపోయింది. బాగుందండీ."

"ఏది, పేరా? కారిపోవడమా?"

అతను నవ్వాడు. సొలెన్‌కి ఒళ్ళు మండింది. ఆ నవ్వు బాగుందని కూడా తోచింది. అందుకు ఇంకాస్త మండింది.

లోపలికెళ్ళి మూరెడు పొడవున్న ఇనప తాళంచెవి తెచ్చాడు. "నా పేరు సిల్వాన్. నేనూ వస్తాను. ఆ తలుపు కొత్తవాళ్ళ మాట వినదు."

"తలుపులు తెరవడం నాకూ వచ్చులెండి."

రోడ్డు దాటితే చర్చి. సొలెన్ తాళంచెవిని అటు తిప్పింది, ఇటు తిప్పింది, రెండు చేతులతో తిప్పింది. తలుపు కదల్లేదు. సిల్వాన్ చూరు కింద నిలబడి మిగిలిన రొట్టె నెమ్మదిగా తింటున్నాడు.

"చెప్పమంటారా?" అన్నాడు చివరికి.

"...చెప్పండి."

"కొంచెం పైకెత్తి, నడుంతో ఒక్క తోపు తోయాలి. తొమ్మిది వందల ఏళ్ళ ముసలమ్మ కదండీ, మర్యాదగా అడిగితే రాదు."

ఒక్క తోపుకే తలుపు తెరుచుకుంది.

బ్రుయెల్‌లో ఉండేది రెండొందల నలభై మంది. వాళ్ళ సేన్ మార్త్యాల్ చర్చిని పదకొండు వందల ముప్ఫై ప్రాంతంలో నలుగురైదుగురు సన్యాసులు వచ్చి కట్టించారు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో గంట పోయింది, తర్వాత కొత్త గంట వచ్చింది. ఎన్ని వచ్చినా పోయినా తలుపు మూతపడిన రోజు మాత్రం లేదు. మొన్న ఈస్టర్ తర్వాత, ఒక పసివాడి బాప్టిజం జరుగుతుండగా, ఉత్తరపు గోడ మీంచి పెద్ద పెచ్చు ఊడి ఖాళీ బెంచీ మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మేయరమ్మ అదే సాయంత్రం తాళం వేయించింది. అప్పటినుంచి పెళ్ళికైనా చావుకైనా పక్క ఊరికి పోవాల్సిందే. సొలెన్ మూడు వారాలు పరీక్షించి రిపోర్టు రాయాలి. మూడో శుక్రవారం దాన్ని ఊరి సభలో చదువుతారు. చర్చి గతి ఆ రిపోర్టు మీదే ఉంది.

తన ఒక్కదాని సంతకంతో వెళ్ళే మొదటి రిపోర్టు అది. వాళ్ళ నాన్న పాల ట్యాంకరు డ్రైవరు. ఇంట్లో బడి దాటి చదివినవాళ్ళు ఆమెకి ముందు లేరు. ఉద్యోగం వచ్చిన రోజు ఆయన ఒకే మాట చెప్పాడు. "చూసింది చూసినట్టు రాయమ్మా. పాలు విరిగితే విరిగాయనే చెప్తాను నేను, రైతు నా చిన్ననాటి స్నేహితుడైనా సరే."

లోపల చీకటి, చెమ్మ వాసన. సొలెన్ వేళ్ళ కణుపులతో ఉత్తరపు గోడని తట్టింది. డొల్ల చప్పుడు. నాలుగడుగులు వేసి మళ్ళీ తట్టింది. మళ్ళీ డొల్లే.

"సిమెంటు!" అంది. "లోపలా బయటా, పై నుంచి కింద దాకా సిమెంటు. ఎవడండీ ఈ మహానుభావుడు?"

సిల్వాన్ రొట్టె తుంపులు దులుపుకుంటున్నాడు. "ఎందుకు, సిమెంటు గట్టిది కదా?"

"గట్టిదే. అదే దాని పాపం. ఇది మెత్తటి ఇసుకరాయి. నేలలోంచి నీళ్ళు తాగుతుంది. సున్నం పూసి ఉంటే ఆ తేమ గోడలోంచి బయటికి పోయేది. సిమెంటు పూస్తే ముక్కూ నోరూ మూసినట్టే. నీళ్ళు లోపలే ఉండి రాయిని ఇసుక చేసేస్తాయి. పై నుంచి చూస్తే నున్నగా ఉంటుంది, లోపల గోడ చచ్చిపోతూ ఉంటుంది. ఎవడో గానీ వాడు దొరికితే..."

"దొరికితే?"

"ఈ తలుపుకి నడుం కట్టేసి తోయిస్తాను."

సిల్వాన్ నవ్వలేదు. "ఎప్పటిదో, ఎవరిదో" అన్నాడు. తలుపు వైపు తిరిగి, "నిచ్చెన కావాలంటే మా ఇంట్లో ఉందండీ" అన్నాడు.

మర్నాడు నిచ్చెన వచ్చింది. నిచ్చెన పట్టుకోవడానికి అతనూ వచ్చాడు. టేపుకి రెండో చివర ఎవరో ఒకరు ఉండాలి కదా అని ఆ మర్నాడూ వచ్చాడు. అతను తాపీ పనివాడని ఆ చేతులు చూసి మొదటిరోజే కనిపెట్టింది సొలెన్. మరి తన పని మానుకుని ఇక్కడెందుకు అని అడిగితే, "వానలో బయట పూత పూయకూడదండీ, శాస్త్రం ఒప్పుకోదు" అనేవాడు. ఆ అక్టోబరులో వాన ఆగిన రోజు లేదు. ఆగకపోతే బాగుండునని సొలెన్‌కి అనిపించడం మొదలైంది.

ఒక స్తంభం తల మీద ఎవరో పాతకాలపు శిల్పి ఒక మనిషినీ, వాడు తాడు కట్టి లాక్కుపోతున్న కోతినీ చెక్కాడు. టార్చి వెలుగులో సొలెన్ దాన్ని చూసి, "ఈ లాక్కెళ్ళేవాడు అచ్చం మీలాగే ఉన్నాడండీ, అదే ముక్కు" అంది.

"ఊళ్ళో అందరూ నన్ను కోతితో పోలుస్తారు. మీరు మనిషితో పోల్చారు. మొదటిసారి."

"మళ్ళీ చూడనివ్వండి. ఆ... ఊళ్ళోవాళ్ళదే కరెక్టు."

చూరు కింద వరసగా చెక్కిన తలలున్నాయి. ఒకటి నాలుక చాపుతుంది, ఒకటి చెవులు పట్టుకుని లాక్కుంటుంది. వాటిని లెక్కపెడుతూ రెండోవారం గడిచింది. ఎప్పుడు మొదలైందో గాని 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. ఒకరోజు అతను పిండి పొరల మధ్య బంగాళాదుంపలూ మీగడా పెట్టి కాల్చిన పెద్ద 'పై' తెచ్చాడు. చర్చి మెట్ల మీద కూర్చుని తిన్నారు. ఆమె పెదవి పక్కన మీగడ అంటుకుంది. అతను చెప్పలేదు, చూస్తూ ఉన్నాడు.

"ఏంటి?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఎందుకలా చూస్తున్నావు?"

"మీగడ. ఎడం పక్క. చెప్తే తుడిచేసుకుంటావని."

సొలెన్ తుడుచుకుంది. చెవులు వేడెక్కాయి. చూరు నీళ్ళు వాళ్ళిద్దరికీ ముందు తెర కట్టినట్టు పడుతున్నాయి.

"ఎవరు చేశారు, మీ అమ్మా?"

"అమ్మా నాన్నా లియోన్‌లో ఉంటారు. ఇక్కడ నేనూ తాతే. ఇది తాత చేశాడు. నీకు పెద్ద ముక్క ఇవ్వమన్నాడు."

"మరి ఆయన్ని ఒక్కసారైనా చూపించవేం?"

"చూద్దువులే" అని మాట మార్చాడు.

మూడోవారం మంగళవారం నాడు, ఉత్తరం వైపు ఊతగోడ వెనక తీగలు తొలగిస్తుంటే, సిమెంటు మీద మేకుతో గీసిన అక్షరాలు కనబడ్డాయి. సొలెన్ నాచు గీకి చదివింది. 'అన్సెల్మ్ బూర్జో, మేస్త్రీ, 1968.' అక్షరాలు పొందికగా, కింద గీత కూడా గీసి ఉన్నాయి. రాసినవాడికి తన పని మీద ఎంత మురిపెమో ఆ గీతే చెబుతోంది.

బూర్జో. ఈ పేరు ఎక్కడ చూసింది?

సాయంత్రం తాళంచెవి ఇవ్వడానికి రోడ్డు దాటింది. రోజూ దాటే గేటే. గేటుకున్న టపా పెట్టె మీద అదే పేరు.

సిల్వాన్ ఎదురొచ్చాడు, చేతులు తుడుచుకుంటూ, ఎప్పటిలాగే నవ్వుతూ.

"అన్సెల్మ్ బూర్జో మీకేమవుతారు?" అని అడిగింది.

'మీకు' అన్న మాటకే అతని నవ్వు ఆరిపోయింది. "తాత."

"మొదటిరోజే తెలుసు మీకు. నేను గోడ తట్టి నోటికొచ్చింది అంటుంటే, ఎవరిదో అన్నారు."

"సొలెన్, విను..."

"నిచ్చెన, టేపు, పై. పెద్ద ముక్క! అంతా రిపోర్టు మెత్తబడటానికేనా?"

"కాదు!" అతని గొంతు పెద్దదైంది. వెంటనే ఇంటి వైపు చూసి తగ్గించాడు. "కాదు. నేను రెండేళ్ళు వేరే ఊళ్ళో సున్నం పని నేర్చుకుని వచ్చాను. నువ్వు చెప్పినవన్నీ నాకూ తెలుసు. వచ్చిన మొదటి ఆదివారం తాత నన్ను ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళి, చెయ్యేసి, 'చూడరా, ఒక్క బీట లేదు' అన్నాడు. ఆయన ఇరవై ఆరేళ్ళప్పటి పని. జీవితంలో పెద్ద పని అదొక్కటే. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు. నాకు నోరు రాలేదు. నీకు చెప్దామనుకుంటే అప్పటికే నువ్వు..."

"నేను?"

"నువ్వు వెళ్ళిపోతావేమోనని భయం వేసింది."

సొలెన్ తాళంచెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"సిమెంటంతా తీసేయమనే రాస్తాను" అంది సొలెన్. "వేరేగా రాయలేను."

"రాయి. రాయొద్దనను. కానీ శుక్రవారం సభలో ముందు వరసలో కూర్చుంటాడు. అందరి ముందూ వింటాడు. ఎనభై నాలుగేళ్ళు ఆయనకి. తట్టుకుంటాడా?"

సొలెన్ తాళంచెవి గేటు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఫోన్‌లో నాన్నకి అంతా చెప్పింది, పై ముక్క సంగతి తప్ప. ఆయన అంతా విన్నాడు. "పాలు విరిగాయని నేను రైతు ఇంటికెళ్ళే చెప్తానమ్మా" అన్నాడు. "సంతలో అరిచి చెప్పను."

బుధవారం సిల్వాన్ పక్క ఊరికి పనికెళ్ళే వేళ చూసుకుని, సొలెన్ ఆ ఇంటి తలుపు తట్టింది. అన్సెల్మ్ తాత వంటింట్లో అక్రోట్లు పగలగొడుతున్నాడు. పెద్ద మనిషి, పెద్ద చేతులు.

"రామ్మా, రా. పై బాగుందా? మీగడ ఎక్కువైందన్నాడు మావాడు."

"చాలా బాగుందండీ." కూర్చుంది. "తాతగారూ, మీతో ఒక మాట చెప్పాలి. శుక్రవారం సభలో వినేముందు నా నోటితోనే చెప్పాలని వచ్చాను. ఆ గోడ..."

"ఊఁ."

"సిమెంటు వల్ల లోపలి రాయి ఇసుకైపోతోంది. అంతా తీసేయాలి. తీయకపోతే ఉత్తరపు గోడ నిలవదు."

అన్సెల్మ్ ఒక అక్రోటు పగలగొట్టి, పప్పు తీసి, ఆమె ముందు పెట్టాడు. ఇంకోటి పగలగొట్టాడు.

"ఈస్టర్‌కి పెచ్చు పడిందే," అన్నాడు, "అందరికంటే ముందు చేతిలోకి తీసుకున్నది నేను. దాని వెనకంతా ఇసుక, తడి ఇసుక. అరవై ఏళ్ళు తాపీ పట్టినవాడికి అంతకంటే చెప్పేదేముంటుందమ్మా? అప్పటినుంచీ చూస్తున్నాను. ఫెర్నాంద్ రొట్టెల కొట్లోకి నేను అడుగు పెడితే చాలు, అందరూ వాన గురించి మాట్లాడతారు. మేయరమ్మ ఎదురైతే నా మోకాళ్ళ గురించి అడుగుతుంది. మావాడైతే సరేసరి, ఇంట్లో సిమెంటు అన్న మాటే ఎత్తడు. అందరూ నన్ను చంటిపిల్లాణ్ణి చేసేశారు. ఆరు నెలలు! ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వచ్చి, 'అన్సెల్మ్, నీ గోడ పాడైందయ్యా' అంటే నేను కూడా నోరు విప్పేవాణ్ణి కదా?"

సొలెన్ కళ్ళు దించుకుంది. "నేను మీ గురించి తెలియక చాలా మాటలన్నాను."

"ఏమన్నావు?"

"తలుపుకి నడుం కట్టేసి తోయిస్తానన్నాను."

ముసలాయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి ఆమెకి ఒక క్షణం పట్టింది.

"మా నాన్న సున్నం మేస్త్రీ" అన్నాడు నవ్వు తగ్గాక. "గోడకి ఊపిరాడాలిరా అనేవాడు. ముసలాడి చాదస్తం అనుకున్నాను. సిమెంటు కొత్త, నేనూ కొత్త. ఊరంతా మెచ్చుకుంది." మేజా మీది తొక్కలు అరచేత్తో ఒకవైపుకి నెట్టాడు. "నువ్వు చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. ఎవరికీ చెప్పలేదు. సిమెంటు పట్టాలంటే పాత గోడంతా గొడ్డలితో గాట్లు పెట్టాలి. పెట్టుకుంటూ వచ్చాను. తలుపుకి ఎదురుగా పాత సున్నం ఒకచోట రాలింది. దాని వెనక ఎర్రటి చేప."

"చేపా?"

"చేపే. బొమ్మ. ఫాదర్‌కి చెప్తే పని ఆపేస్తారు, పండగలోపు పూర్తవదు. అందుకని నోరు మూసుకున్నాను. కానీ దాని మీద గొడ్డలి వేయడానికి చేయి రాలేదమ్మా. ఇంత మేర గాటు పెట్టకుండా వదిలేసి పైన పూసేశాను." రెండు చేతులూ బార చాపి చూపించాడు. "చర్చిలో చేపేంటని ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను."

సొలెన్ లేచి నిలబడింది. తలుపుకి ఎదురు గోడ. చేప. "తాతగారూ, రేప్పొద్దున్న మీరు చర్చికి రాగలరా?"

"సుత్తి తెచ్చుకోనా?"

గురువారం పొద్దున్న చర్చిలోంచి సుత్తి చప్పుడు విని సిల్వాన్ పరుగెత్తుకొచ్చాడు. లోపల వాళ్ళ తాత పాత పని బట్టల్లో, చిన్న పరంజా మీద మోకాళ్ళూని, ఉలితో తన సిమెంటు తనే కొడుతున్నాడు. పక్కన సొలెన్ దీపం పట్టుకుని ఉంది.

సిల్వాన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "తాతా..."

"నిలబడి చూస్తావేంరా? వచ్చి పట్టు. ఈ ముక్క నా ఒక్కడి వల్ల కాదు."

గాట్లు పెట్టని చోట సిమెంటు పట్టుకోలేదు. రొట్టె మీది పెంకు లేచినట్టు పలకంతా ఒక్కసారే లేచి వచ్చింది. ముగ్గురూ కలిసి దించారు. వెనక తెల్లటి పాత సున్నం. సొలెన్ సన్నటి కత్తితో దాన్ని పొరలు పొరలుగా లేపింది. గంటన్నర పట్టింది. మొదట ఎర్ర చేప. దాని వెనక ఇంకోటి. తర్వాత మెలికలు తిరిగిన నీటిపాము, నీళ్ళ గీతలు. ఆ నీళ్ళలో, రొట్టెముద్దంత బొటనవేలు.

"ఎవరిదే తల్లీ ఆ కాలు?" అన్నాడు అన్సెల్మ్.

"సేన్ క్రిస్టోఫ్‌ది" అంది సొలెన్. "ఆ పునీతుడు జనాన్ని భుజాన ఎత్తుకుని ఏరు దాటించేవాడు కదా. వెనకటి రోజుల్లో ఆయన బొమ్మని తలుపుకి ఎదురుగా గోడంత ఎత్తు రాసేవాళ్ళు. పొద్దున్నే పొలానికి పోయేవాడు తలుపులోంచి ఒక్కసారి చూసి పోతే, ఆరోజు చావు రాదని నమ్మకం. పైనంతా ఉందో లేదో తెలియదు. మీరు వదిలిన మేర వరకూ ఉంది."

అన్సెల్మ్ తన వేళ్ళు ఆ చేపకి దగ్గరగా తీసుకెళ్ళి, తాకకుండా ఆపాడు. సిల్వాన్ ఆయన భుజం మీద చెయ్యేశాడు. దాన్ని ముసలాయన విదిలించుకోలేదు.

"రిపోర్టులో నా పేరు రాయి" అన్నాడు కాసేపటికి.

"పేరు అక్కర్లేదు తాతగారూ."

"రాయమంటున్నాను. గోడ పాడు చేసింది అన్సెల్మ్ బూర్జో అని రాయి. చేపని వదిలేసింది కూడా వాడే అని రాయి. రెండోది కాస్త పెద్దక్షరాలతో."

మనవడి భుజం ఆసరాగా లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. "నేను రొట్టెలకి పోతున్నాను. ఫెర్నాంద్ కొట్లో ఇవాళ వాన గురించి మాట్లాడితే ఊరుకోను." తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "ఒరేయ్, మూడు వారాలుగా ఈ అమ్మాయి తాళంచెవి తెచ్చే వేళకి రోజూ గడ్డం గీస్తున్నావు. నాలాగా అరవై ఏళ్ళు దాచుకోకు. అమ్మా, ఆదివారం మీ నాన్నని భోజనానికి తీసుకురా. ఆయన పాలబండి సంగతి మావాడు చెప్పాడులే, మా గేటు ముందు ఆపుకోవచ్చని చెప్పు."

ఆయన వెళ్ళాక ఇద్దరే మిగిలారు.

"ఆయనకి చెప్పేశావా నువ్వు?" అన్నాడు సిల్వాన్.

"నిన్ననే. నాకంటే ముందే ఆయనకి తెలుసు. మీ ఊరంతా ఆయన్ని కాపాడుతున్నామనుకుని ఒంటరివాణ్ణి చేశారు."

"అందరికంటే ముందు నేనే." అతను తలదించుకున్నాడు. "నీకు అబద్ధం చెప్పాను. సారీ. పై మాత్రం అబద్ధం కాదు. నిచ్చెనా కాదు."

"మరి వానలో పూత పూయకూడదన్న శాస్త్రం?"

"అది సగం అబద్ధం. ఇంటి లోపలి పనులు నాలుగు ఆగిపోయి ఉన్నాయి. వాళ్ళు ఫోన్ చేస్తుంటే తీయడం లేదు."

సొలెన్ నవ్వు ఆపుకోలేకపోయింది. అతను ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

"రేపు సభ ఒప్పుకుంటుంది. తాత చేయెత్తితే ఊళ్ళో ఎత్తనివాడుండడు. ఆ తర్వాత నువ్వు మూలాన్ వెళ్ళిపోతావు."

"సిమెంటు తీశాక గోడ ఆరాలి. ఆరితేనే సున్నం. దగ్గరుండి చూసుకునేది నేనే."

"ఎన్నాళ్ళు పడుతుంది ఆరడానికి?"

"తడి బాగా లోతుకి పోయింది. రెండు వేసవులు పట్టొచ్చు."

"రెండు వేసవులేనా?" సిల్వాన్ ఆమె చేతిలోంచి దీపం తీసుకుని బెంచీ మీద పెట్టాడు. ఖాళీ అయిన చేతిని తన దుమ్ము చేతిలోకి తీసుకున్నాడు. "సొలెన్, నువ్వంటే నాకు ఇష్టం. గోడ ఆరిపోయాక కూడా ఉండిపోమని అడగొచ్చా?"

సొలెన్ చేయి వెనక్కి తీసుకోలేదు.

"అడుగు" అంది. "చూసింది చూసినట్టు చెప్తాను. ఉంటాను."